కోకనాడ నుంచి పారిస్‌కు, సికింద్రాబాద్ నుంచి లండన్‌కు వెళ్ళిన ఉత్తరాలు: పాఠ్యపుస్తక రచయితలకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో ఉన్నత పాఠశాల తరగతులకు విజ్ఞానశాస్త్ర పాఠ్యపుస్తకాలను, తెలుగు వాచకాలను రూపొందిస్తున్న రచయితలకు, సంపాదకులకు, విషయ నిపుణులకు నమస్కారములు.

నేను గుంటూరు ప్రాంతంలో మూడు దశాబ్దాలకు పైగా తెలుగు మాధ్యమంలో భౌతిక, రసాయన శాస్త్రాలు బోధించి పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడిని. మిమ్మల్ని కోరదలచినది ఒక్కటే. పంతొమ్మిదో శతాబ్దపు శాస్త్రవేత్తలు ఒకరికొకరు రాసుకున్న ఉత్తరాలలో కనీసం మన నేల మీద కూర్చుని రాసినవాటినైనా తెలుగులోకి తెచ్చి, మన పిల్లల పుస్తకాలలో చేర్చండి. శాస్త్రవేత్త పేరు, ఆయన కనుగొన్న విషయం, సంవత్సరం అనే మూడు ముక్కలుగా కాక, ఆ ఉత్తరాలలో ఉన్న అనుమానంతో, ఆలస్యంతో, పొరపాటుతో సహా అందించండి. ఈ కోరిక నాలో ఎందుకు బలపడిందో చెప్పాలంటే ముందుగా నేను చేసిన ఒక తప్పును ఒప్పుకోవాలి.

ఉద్యోగంలో చేరిన నాటి నుంచి చాలా ఏళ్ళపాటు, జడవాయువుల పాఠం వచ్చినప్పుడల్లా, హీలియంను మన గుంటూరులోనే కనుగొన్నారని పిల్లలకు గర్వంగా చెబుతూ వచ్చాను. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం గుంటూరు మీదుగా సాగిందనీ, ఫ్రాన్సు నుంచి వచ్చిన ఖగోళ శాస్త్రవేత్త పియర్ జాన్సెన్ దానిని ఇక్కడి నుంచే పరిశీలించారనీ నాకు తెలుసు. మిగిలినది విన్నమాట. మా ఊరి పేరు పాఠంలో చెప్పుకోగలగడమే గొప్పగా తోచి, దానిని సరిచూసుకోవాలన్న ఆలోచన నాకు రాలేదు. ఆ తరువాత చాలా కాలానికి, జాన్సెన్ 1868 సెప్టెంబరు 19న కోకనాడ నుంచి, అంటే నేటి మన కాకినాడ నుంచి, పారిస్‌లోని విజ్ఞాన అకాడమీకి రాసిన లేఖ సారాంశం ఒక మిత్రుడి ద్వారా నా చేతికి వచ్చింది. అందులో హీలియం మాట లేదు. ఉండే అవకాశమూ లేదు, ఎందుకంటే అప్పటికి ఆ పేరే పుట్టలేదు. ఆ లేఖలో ఉన్నది నేను చెబుతూ వచ్చిన దానికంటే ఎంతో గొప్ప విషయం, అది నాకు అన్నేళ్ళూ తెలియకుండా పోయింది.

సంపూర్ణ గ్రహణం పట్టిన కొద్ది నిమిషాలలో, చంద్రుడి నల్లని బింబం అంచున ఎర్రని మంటల నాలుకల వంటివి కనిపిస్తాయి. అవి అసలు వాయువులా, మేఘాలా అన్నది అప్పటికి తేలలేదు. జాన్సెన్ కాంతిని రంగులుగా విడదీసి చూపే తన వర్ణపటదర్శినిని వాటి మీదికి తిప్పినప్పుడు వాటి కాంతి ఇంద్రధనుస్సులా అన్ని రంగులుగా పరుచుకోలేదు. విడివిడిగా, మిరుమిట్లు గొలిపే కొన్ని గీతలుగా మాత్రమే కనిపించింది. అంటే అవి వేడికి వెలుగుతున్న వాయువు, అందులో ముఖ్యమైనది హైడ్రోజన్. ఇంతవరకు ఆ రోజు గ్రహణాన్ని చూసిన మరికొందరు పరిశీలకులు కూడా చెప్పగలిగారు. జాన్సెన్ వేరుగా ఆలోచించినది ఇక్కడి నుంచి. ఆ గీతలు అంత ప్రకాశంగా ఉన్నాయంటే, గ్రహణం విడిచిన తరువాత కూడా వాటిని చూడగలగాలి కదా అని ఆయనకు తోచింది. సూర్యుడి మామూలు వెలుగును పట్టకాలతో బాగా విడదీస్తే అది పలచబడి మసకబారుతుంది. మంటల నాలుకల వెలుగు కొద్ది గీతలలోనే ఇమిడి ఉంటుంది కాబట్టి, ఎంత విడదీసినా ఆ గీతలు ఒకదానికొకటి దూరం జరుగుతాయే తప్ప మసకబారవు. మరునాడే, ఆగస్టు 19న, గుంటూరులో పట్టపగటి ఎండలో సూర్యబింబపు అంచు మీద పరికరపు సన్నని చీలికను ఉంచి, ఆయన ఆ గీతలను మళ్ళీ చూశారు. సెప్టెంబరు 4 వరకు, పదిహేడు రోజులపాటు, రోజూ చూశారు. అంతవరకు ఎన్నో ఏళ్ళకొకసారి, సముద్రాలు దాటి వెళితే, మబ్బులు కరుణిస్తే, కొద్ది నిమిషాలు మాత్రమే దొరికే దృశ్యం ఆ తరువాత ఎవరి ఊళ్ళో వారికి, ఎండ ఉన్న ప్రతి రోజూ దొరికింది. గుంటూరులో జరిగినది ఇది. చిన్ననాటి ప్రమాదం వల్ల ఒక కాలు కుంటుతూనే ప్రపంచమంతా తిరిగిన ఆ మనిషి మన ఊరికి కట్టబెట్టి వెళ్ళిన గౌరవం ఇది.

ఇక ఉత్తరం ప్రయాణం సంగతి. అప్పటికి సూయెజ్ కాలువ తెరవలేదు, అది తెరుచుకున్నది 1869 నవంబరులో. కోకనాడలో సెప్టెంబరు 19 తేదీ వేసిన లేఖ పారిస్ అకాడమీ సమావేశంలో చదవబడినది అక్టోబరు 26న, అంటే సరిగ్గా ముప్ఫై ఏడు రోజులకు. ఈలోగా ఇంగ్లండులో నార్మన్ లాకియర్ అనే ఆయన, యుద్ధ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేస్తూ ఖగోళశాస్త్రం మీద మక్కువతో రెండేళ్ళుగా ఇదే ఆలోచన చేస్తూ, తయారీలో ఆలస్యమైన పరికరం ఎట్టకేలకు చేతికి వచ్చాక, అక్టోబరు 20న గ్రహణం లేకుండానే ఆ గీతలను చూశారు. ఆ కబురు కూడా అదే అక్టోబరు 26 నాటి సమావేశానికే అందింది. గుంటూరులో రెండు నెలల ముందు చూసినదీ, ఇంగ్లండులో ఆరు రోజుల ముందు చూసినదీ ఒకే రోజున, ఒకే గదిలో, ఒకే సభ్యుల ముందుకు వచ్చాయి. ఎవరు ముందు అన్న తగవు పెట్టుకోవడానికి ఇంతకంటే అనువైన సందర్భం ఉండదు. కానీ అకాడమీలో హెర్వే ఫాయ్ అనే ఖగోళ శాస్త్రవేత్త లేచి, ఈ ఘనతను ముక్కలు చేసి పంచి దాని విలువ తగ్గించేకంటే, వేల మైళ్ళ దూరంలో ఉన్న ఇద్దరికీ దానిని నిండుగా ఇవ్వడం మేలని చెప్పారు. ఫ్రెంచి ప్రభుత్వం తరువాత ఇద్దరి ముఖాలూ చెక్కిన పతకం వేయించింది.

మరి హీలియం ఎక్కడ వచ్చింది? ఆ వర్ణపటంలో ఒక పసుపు పచ్చని గీత ఉంది. ఆ గ్రహణాన్ని చూసిన చాలామంది దానిని సోడియం గీతగానే భావించారు. అది సోడియం గీతల పక్కనే ఉన్నా వాటితో కలవడం లేదని, భూమి మీద తెలిసిన ఏ మూలకానికీ చెందడం లేదని నిలదీసి చూసినది లాకియర్. సూర్యుడి గ్రీకు పేరు మీదుగా హీలియం అన్న పేరు ఆ తరువాతే వచ్చింది. రసాయన శాస్త్రవేత్త విలియం రామ్సే భూమి మీద, ఒక యురేనియం ఖనిజం నుంచి దానిని పట్టుకున్నది 1895లో. ఒక్క గీత చుట్టూ ఇరవై ఏడేళ్ళ అనుమానం నడిచింది. దీన్నంతటినీ నేను "గుంటూరులో కనుగొన్నారు" అన్న రెండు మాటలకు కుదించి, వందలమంది పిల్లల నోట్ల పుస్తకాలలో రాయించాను. పరీక్షలో ఆ జవాబుకు మార్కులు కూడా వేశాను. ఆ కోకనాడ లేఖ పదో తరగతి పుస్తకంలో రెండు పేజీలుగా తెలుగులో ఉండి ఉంటే, నాకంటే ముందు నా విద్యార్థులే నన్ను సరిదిద్దేవారు.

రెండో ఉత్తరాల కట్ట సికింద్రాబాద్‌ది. దాని మీద కొంచెం ఎక్కువసేపు నిలవడానికి అనుమతించండి, ఎందుకంటే పాఠ్యపుస్తకానికి దీనికి మించిన సామగ్రి మన రెండు రాష్ట్రాల చరిత్రలో మరొకటి నాకు కనిపించలేదు. 1897 ఆగస్టు 20న బ్రిటిష్ సైనిక వైద్యుడు రోనాల్డ్ రాస్ బేగంపేటలో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశారని మనమందరం చెబుతాము. ఆ తేదీన ప్రపంచ దోమల దినం కూడా జరుపుకుంటున్నాము. ఒకసారి మా బడిలో ఆ రోజున ప్రార్థన సమయంలో ఆ విషయం చెప్పాక, తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె దగ్గరికి వచ్చి, "సార్, ఆయన అంతకుముందు రోజు ఏం చేస్తున్నారు?" అని అడిగింది. నా దగ్గర సమాధానం లేదు. ఆ సమాధానం రాస్‌కూ, లండన్‌లో ఉన్న వైద్యుడు పాట్రిక్ మాన్సన్‌కూ మధ్య నడిచిన ఉత్తరాలలో ఉంది. అవి 170కి పైగా దొరికాయి, 1998లో ఇంగ్లీషులో పుస్తకంగానూ వచ్చాయి. రాస్ కాగితాల భాండారం లండన్‌లోనూ, గ్లాస్గోలోనూ భద్రంగా ఉంది. ఆ ఉత్తరాలలో అనేకం ఎక్కడి నుంచి బయలుదేరాయో ఆ ఊరి భాషలో చదవడానికి మాత్రం మనకు వీలు లేదు.

1894లో సెలవు మీద లండన్ వెళ్ళిన రాస్‌కు, మలేరియా రోగి రక్తంలో ఫ్రెంచి వైద్యుడు లావెరాన్ 1880లో అల్జీరియాలో గుర్తించిన పరాన్నజీవిని చూపించినది మాన్సనే. అంతకు ముందు చైనాలోని అమోయ్‌లో పనిచేసిన రోజులలో, బోదకాలుకు కారణమైన ఫైలేరియా క్రిమి దోమలో పెరుగుతుందని ఆయన కనిపెట్టి ఉన్నారు. మలేరియాకూ అదే దారి అయి ఉండాలన్నది ఆయన ఊహ. రాస్ 1895 ఏప్రిల్‌లో సికింద్రాబాద్‌కు చేరింది మొదలు, ఆ ఊహను పట్టుకుని ఇక్కడ దోమలను కోయడం, చూసినది లండన్‌కు రాయడం, వారాల తరబడి ఎదురుచూసి జవాబు అందుకోవడం సాగింది. మలేరియా క్రిమి దోమ కడుపులోకి ఊరకనే వెళ్ళదని, సరదాకో వైద్యులను తికమక పెట్టడానికో వెళ్ళదని, దాని స్వార్థం దానికి ఉంటుందని మాన్సన్ రాసిన ఒక ఉత్తరం ఉంది. మా అమ్మాయిల చేతా అబ్బాయిల చేతా జీవశాస్త్ర తరగతిలో బిగ్గరగా చదివించవలసిన మాట అది. ఒక జీవి గురించి ఆలోచించడం ఎలాగో అది ఒక్క వాక్యంలో నేర్పుతుంది.

అదే మాన్సన్ తప్పుదారి కూడా పట్టించారు. దోమ గుడ్లు పెట్టాక నీటిలో పడి చనిపోతుందని, ఆ నీరు తాగినవారికి జ్వరం వస్తుందని ఆయన నమ్మారు. రాస్ ఆ మాట పట్టుకుని, దోమలు చచ్చిన నీటిని మనుషుల చేత తాగించి చూశారు. లచ్‌మన్ అనే యువకుడికి కొద్దిపాటి జ్వరం రాగానే ఊహ నిజమైందని ఆశపడ్డారు, తరువాతి ప్రయత్నాలలో అది నిలవలేదు. అతనికి ఏ మేరకు చెప్పి, ఏ మేరకు అడిగి ఆ నీరు తాగించారన్న ప్రశ్న నేటి పిల్లలు తప్పక వేస్తారు. వేయాలి కూడా. వలస పాలన కాలపు అధికారి చూపు, ఇక్కడి మనుషుల పట్ల చిన్నచూపు ఆ ఉత్తరాలలో అక్కడక్కడా కనిపిస్తాయి. వాటిని కత్తిరించి శుభ్రం చేసి ఇవ్వవద్దని మిమ్మల్ని ప్రత్యేకంగా వేడుకుంటున్నాను. ప్రయోగానికి ఒప్పుకోవడం అంటే ఏమిటో చర్చించడానికి లచ్‌మన్ పేరు కంటే మంచి ఆరంభం మరొకటి ఉండదు.

ఇంతకీ ఆగస్టు 20కి ముందు రోజు రాస్ ఏం చేస్తున్నారంటే, అంతకు ముందు రెండేళ్ళకు పైగా చేస్తూ వచ్చిన పనే చేస్తున్నారు. అన్నాళ్ళూ ఆయన కోసినవి మలేరియాను మోయని జాతుల దోమలు. దోమలలో ఇన్ని రకాలు ఉంటాయన్న జ్ఞానం గానీ, వాటిని గుర్తుపట్టే పుస్తకం గానీ ఆయన దగ్గర లేవు. బూడిద రంగువి, చారలవి, చుక్కల రెక్కలవి అని తానే పేర్లు పెట్టుకున్నారు. 1897 ఆగస్టు నడిమి రోజులలో, బేగంపేట ఆసుపత్రి సహాయకుడు ఒకరు గోడ మీద వాలి ఉన్న ఒక చిన్న దోమను ఆయనకు చూపించారు. మిగతా దోమలలా గోడకు సమాంతరంగా కాక, తోక వెనుకకు పైకెత్తి వాలగా కూర్చుని ఉన్న దోమ అది. ఈనాడు ఏ ఆరోగ్య కార్యకర్తనడిగినా అది మలేరియాను మోసే ఎనాఫిలిస్ దోమ కూర్చునే తీరని చెబుతారు. ఆ సహాయకుడి పేరు మరిచిపోయానని, అందుకు విచారిస్తున్నానని రాస్ తరువాత తన ఆత్మకథలో రాసుకున్నారు. నేను ఆ వాక్యం చదివిన రోజున పుస్తకం మూసి చాలాసేపు కూర్చుండిపోయాను. మలేరియా రహస్యానికి తలుపు చూపించిన చూపుడువేలు మన ఊరివాడిదో, మన పక్క ఊరివాడిదో అయి ఉంటుంది, ఆ వేలి వెనక ఉన్న పేరు మాత్రం పోయింది.

అలాంటి చుక్కల రెక్కల దోమలను లార్వాల నుంచి పెంచి, హుసేన్ ఖాన్ అనే రోగిని కుట్టనిచ్చారు. కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా చొప్పున అతనికి ముట్టజెప్పారు. తరువాత రోజుకు కొన్ని చొప్పున కోస్తూ వచ్చారు. ఆగస్టు ఉక్కలో పంకా లాగనివ్వడానికి లేదు, గాలికి కోసిన దోమల ముక్కలు ఎగిరిపోతాయి. కళ్ళ చుట్టూ చిన్న ఈగలు ముసురుతున్నాయి, నుదుటి చెమటా చేతుల చెమటా తగిలి సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టాయి, మిగిలిన ఒక్క కంటి కటకమూ పగిలి ఉంది. ఆ పగిలిన కటకంలోంచే ఆగస్టు 20న, దోమ జీర్ణాశయపు గోడలో, దాదాపు 12 మైక్రాన్ల అడ్డుకొలత ఉన్న గుండ్రని కణం ఒకటి, అందులో మలేరియా క్రిమిలో ఉండేలాంటి నల్లని రేణువులు కనిపించాయి. మరునాడు మిగిలిన చివరి దోమను కోస్తే అవే కణాలు ఇంకొంచెం పెద్దవిగా ఉన్నాయి, అంటే పెరుగుతున్నాయి. ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నకు జవాబుగా చెప్పవలసినది నిజానికి ఈ రెండో రోజు సంగతే. ఒకసారి కనిపించినది పొరపాటు కావచ్చు, మరునాటికి పెరిగి కనిపించినది పొరపాటు కాదు.

ఆ తరువాత కూడా ఉత్తరాలే నడిపించాయి. రాస్ స్లైడ్లను లండన్‌కు పంపితే మాన్సన్ వాటిని మరికొందరు నిపుణులకు చూపించారు, డిసెంబరు 18న బ్రిటిష్ వైద్య పత్రికలో అచ్చయిన వ్యాసానికి వారి వ్యాఖ్యలు తోడయ్యాయి. ఈలోగా రాస్‌ను మలేరియా అంతగా లేని రాజపుతానాలోని, అంటే నేటి రాజస్థాన్‌లోని, ఖేర్వారాకు బదిలీ చేశారు. మాన్సన్ లండన్‌లో పెద్దల దగ్గర పట్టుబట్టి మాట్లాడబట్టి, 1898లో కలకత్తాలో పరిశోధన చేసుకునే అవకాశం దక్కింది. అక్కడ పిచ్చుకల మలేరియా మీద పనిచేసి, క్రిమి దోమ లాలాజల గ్రంథులకు చేరి కాటు ద్వారా సోకుతుందని జులైలో తేల్చారు. అంటే నీరు తాగడం వల్ల సోకుతుందన్న గురువు మాటను శిష్యుడు కొట్టేశాడు, ఆ ఫలితాన్ని ఎడిన్‌బరోలో జరిగిన వైద్యుల సభలో సంతోషంగా ప్రకటించినది మాత్రం ఆ గురువే. 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. తరువాతి కాలంలో ఆ ఇద్దరి స్నేహం చెడి న్యాయ వివాదం దాకా వెళ్ళింది. ఆ ముగింపును కూడా పిల్లల నుంచి దాచవద్దు.

జన్యుశాస్త్రం పాఠంలో మెండెల్ బఠానీ మొక్కలు ఉన్నాయి, ఆయన 1866 నుంచి 1873 వరకు మ్యూనిక్‌లోని వృక్షశాస్త్రవేత్త నేగెలికి రాసిన పది ఉత్తరాల ఊసు నేను చదువు చెప్పిన పుస్తకాలలో లేదు. ఎనిమిదేళ్ళ పని తరువాత పంపిన వ్యాసానికి, ఈ ప్రయోగాలు పూర్తయినవి కావు, ఇప్పుడే మొదలైనవి అన్న ధోరణిలో జవాబు వస్తే, మెండెల్ నొచ్చుకోకుండా విత్తనాల పొట్లాలు కట్టి పంపి మళ్ళీ వివరించారు. ఆయన మరణించిన చాలా ఏళ్ళకు, 1905లో, ఆ ఉత్తరాలు అచ్చయ్యాయి. వీటిలో ఒక్కటి చాలు, పిల్లలకు ఆయన ముఖం కనిపించడానికి.

పాఠ్యాంశాల భారం ఇప్పటికే ఎక్కువగా ఉందని మీరు అనవచ్చు, అది నిజమే. అందుకే కొత్త అధ్యాయాలు అడగడం లేదు. తెలుగు వాచకాలలో లేఖ ఒక ప్రక్రియగా ఎలాగూ ఉంది. "ఈ పాఠం లేఖా ప్రక్రియకు చెందినది" అని మొదలయ్యే చోట ఒక ఏడాది కోకనాడ లేఖనూ, మరో ఏడాది రాస్, మాన్సన్‌ల ఉత్తరాలలో రెండింటినీ పెట్టవచ్చు. గురజాడ ఉత్తరాలూ డైరీలూ అచ్చు కావడం వల్లనే కదా ఆయన మనసులో భాష గురించిన ఆలోచన ఎలా కదిలిందో మనం తెలుసుకోగలిగాము. తెలుగు పండితులూ సైన్సు ఉపాధ్యాయులూ ఒకే పాఠాన్ని రెండు పీరియడ్లలో పంచుకుని చెప్పే అవకాశం కూడా దీనివల్ల కలుగుతుంది. నా ఉద్యోగ జీవితంలో అలాంటి అవకాశం ఒక్కసారీ దొరకలేదు. అనువాదం మాత్రం ఇంగ్లీషు సారాంశం నుంచి కాక మూలం నుంచి జరగాలి, తేదీ, ఊరి పేరు, సంబోధన, చివరి సంతకం వరకు పూర్తిగా ఉండాలి. జాన్సెన్ లేఖ 1868లోనే అకాడమీ సంచికలో అచ్చయింది కాబట్టి దానికి హక్కుల చిక్కు లేదు. రాస్ కాగితాలకు అనుమతి అవసరమైతే, ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు రాసే ఉత్తరానికి రాని జవాబు మీ సంస్థల ముద్ర ఉన్న ఉత్తరానికి వస్తుంది.

నా వంతుగా, ఫ్రెంచి చదువుకున్న ఆ మిత్రుడి సాయంతో కోకనాడ లేఖకు తెలుగు ముసాయిదా ఒకటి సిద్ధం చేశాను. దానిని మీలో ఎవరు అడిగినా పంపుతాను, నా పేరు వేయనవసరం లేదు. సూర్యబింబపు అంచున ఎగసే ఆ ఎర్రని మంటలకు జాన్సెన్ వాడిన మాట దగ్గర మాత్రం ఇప్పటికీ ఆగిపోయి ఉన్నాను. ముందు "ఉబ్బెత్తులు" అని రాసి కొట్టేశాను, "జ్వాలాశిఖలు" అంటే పద్యంలా ఉంది, "మంటల నాలుకలు" అని ఈ లేఖలో రాశాను కానీ అది ఆయన మాట కాదు, నాది. మీకు అంతకంటే సరైన తెలుగు మాట తోస్తే దయచేసి తెలియజేయండి.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు